కన్ను గొట్టంలో పెట్టండి, మా చేతికి కాదు

మురుగు గొట్టంలో ఏముందో పైనుంచే చూసే కన్ను వచ్చి చాలా ఏళ్లయింది. చిన్న చక్రాల బండి, దాని మీద కెమెరా, ఓ దీపం, పొడుగాటి వైరు. మ్యాన్‌హోల్‌లోకి వదిలితే లోపలి బొమ్మ పైన టీవీలో పడుతుంది. ఇప్పుడు ఆ బొమ్మను చదవడం కంప్యూటరు కూడా నేర్చింది. ఎక్కడ పగిలింది, ఎక్కడ చెట్టు వేరు చొచ్చుకొచ్చింది, ఎక్కడ మట్టి పేరుకుంది, అన్నీ గుర్తుపడుతుంది.

దానికి చదువు చెప్పిందెవరు? పని తెలిసినవాళ్లే. డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో 13 లక్షల మురుగు గొట్టాల బొమ్మలు బయటపెట్టారు. మూడు సంస్థల తనిఖీదారులు తొమ్మిదేళ్ల పాటు 'ఇది పగులు, ఇది వేరు' అని గుర్తించి పెట్టిన బొమ్మలవి.

మరి మన దేశంలో? ఇక్కడ చాలాచోట్ల ఇంకా మనిషి కన్నే. అదీ మాదిగ కన్ను, రెల్లి కన్ను, వాల్మీకి కన్ను. ఊళ్లో పని దొరక్క పట్నం పోయిన మన పిల్లలే ఆ గోతుల్లో దిగుతున్నారు. 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. చచ్చినోళ్ల కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. ప్రాణానికి ధర పెరిగింది గానీ దిగడం ఆగలేదు. 2021 ఆగస్టులో హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట దిగిన ఇద్దరు ప్రాణాలతో పైకి రాలేదు.

కెమెరాలకు డబ్బుల్లేవంటారా? చండీగఢ్‌లో, నాగపూర్‌లో పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కట్టడానికి 2020 నాటికే డబ్బులెక్కడి నుంచి వచ్చాయి? మనోడు ఎంతసేపు కూర్చున్నాడో చూడ్డానికి కన్నుంది. మనోడు దిగే గోతిలో ఏముందో చూడ్డానికి లేదు. ఇది పేదరికం కాదు, కులం.

అట్లాగని కంప్యూటరు దేవుడేం కాదు. విషవాయువు కెమెరాకు కనబడదు, దానికి వేరే మీటరు కావాలి. డెన్మార్క్ గొట్టాలు చూసి నేర్చింది మన గుడ్డలూ ప్లాస్టిక్కూ నిండిన కాల్వ దగ్గర తడబడొచ్చు. మన కాల్వల సంగతి దానికి నేర్పగలిగింది ఏళ్ల తరబడి దిగిన మనవాళ్లే.

అందుకే సంఘాల వాళ్లకు మా మాట. మీ మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. మూడు అడగండి. ముందు కెమెరా దిగాలి, మనిషి దిగకూడదు. అది పెద్దోళ్ల వీధులకే కాదు, మన వాడలకూ రావాలి. దాన్ని నడిపే ఉద్యోగం ఇన్నాళ్లూ దిగినవాళ్లకే ఇవ్వాలి, పర్మనెంటుగా. యంత్రం వచ్చిందని మన కూడు తీసేస్తే ఒప్పుకోం. కూడు కోసం గోతిలో దిగమన్నా ఒప్పుకోం.