శాతంలో లేని సంగతి

సదరం శిబిరంలో వైకల్యం ఎంత శాతమో తేలుస్తారు. పింఛనుకు అది కావాలి, కాదనం. మాట రాని కుర్రాడు రోజంతా ఎవరికి ఏం చెప్పాలని తంటాలు పడుతున్నాడో ఆ కాగితంలో ఉండదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బొమ్మలు చూపి చెప్పడం లాంటి ప్రత్యామ్నాయ పద్ధతులనూ సంభాషణగానే గుర్తించింది. ఎవరికి ఏ పద్ధతి నప్పుతుందో తేల్చే పరీక్ష వేరు; ఈ సంచిక దాని గురించే. వినికిడి ఎలా ఉంది? చూపు బొమ్మ మీద నిలుస్తుందా? వేలు అందుతుందా? అతని అవునూ కాదూ ఇంట్లోవాళ్లు ఎలా పోల్చుకుంటున్నారు? పట్టిసీమ కుర్రాడినైతే రేవు దగ్గర కూడా చూడాలి. వీరేశ్వరస్వామి గుడికెళ్లే పడవ, శివరాత్రి తీర్థం లేని బొమ్మల పలక అతనికెందుకు? పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలకూ ఇంతే. బొమ్మలకు అలవాటుపడితే మాట రాదని కొందరి భయం. పరిశోధనలు దాన్ని బలపరచలేదు. కాబట్టి వాయిదాలొద్దు, స్పీచ్ థెరపిస్టును ఇప్పుడే కలవండి.