ఏలూరును మరచిన ప్రజారోగ్య డిగ్రీ

ప్రజారోగ్యంలో పీజీ, అంటే ఎంపీహెచ్ కోర్సు. దానికి గుర్తింపు అనగానే చర్చంతా క్రెడిట్లు, పరిశోధన పత్రాలు, పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకుల లెక్క చుట్టూ తిరుగుతుంది. అవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ముందు అడగాల్సింది ఒక్కటే: ఈ పట్టా ఉన్న మనిషి ఆనాడు ఏలూరులో ఉంటే ఏం చేయగలిగేవారు?

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోసాగారు. రోజుల వ్యవధిలో బాధితులు 600 దాటారు. ఎయిమ్స్ నుంచి, హైదరాబాద్‌లోని ఎన్‌ఐఎన్, ఐఐసీటీ, సీసీఎంబీ పరిశోధన సంస్థల నుంచి బృందాలు దిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులూ వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఒకరు, పురుగుమందుల అవశేషాలని మరొకరు అన్నారు. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన చేరాయో మాత్రం ఆ రోజుల్లో తేలలేదు.

గోదావరి డెల్టాలో వైద్య విద్యకు కొదవ ఉందా? కాకినాడ రంగరాయ కళాశాల 1958 నాటిది. ఏలూరు చెంతనే మరో వైద్య కళాశాల ఉంది. బోదకాలుపై శిక్షణనిచ్చే జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) శాఖ రాజమహేంద్రవరంలోనే ఉంది. కానీ 600 మందికి పైగా పడిపోయినప్పుడు కావలసింది వీధుల్లోకి వెళ్లి ఆరా తీసేవారు. దక్షిణపు వీధిలో ఏ ఇంట్లో ఎవరికి ఎన్ని గంటలకు ఫిట్స్ వచ్చాయి, ముందురోజు ఏ కుళాయి నీళ్లు తాగారు, ఏ కూరగాయలు వండుకున్నారు, అదే ఇంట్లో జబ్బు పడనివారు ఏం తిన్నారు అని వరుసగా రాసి, ఆ రాత్రే పోల్చి చూసేవారు. అది తరగతి గదిలో అబ్బే పని కాదు.

మరి ఆ పని నేర్పుతున్నారో లేదో చూసేదెవరు? విద్యాసంస్థలను మదింపు చేసే నాక్ ఇచ్చే గుర్తింపు విశ్వవిద్యాలయానికే, ఈ డిగ్రీకి కాదు. ఎన్‌బీఏ చూసేది ఇంజినీరింగ్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్ లాంటి కోర్సులను. జాతీయ వైద్య కమిషన్ పట్టించుకునేది డాక్టర్ల చదువును. అమెరికాలో 1974 నుంచే ప్రజారోగ్య విద్యకు ప్రత్యేక మండలి ఉంది, ప్రతి ఎంపీహెచ్ విద్యార్థికీ క్షేత్ర అనుభవం ఉండాలని అది పట్టుబడుతుంది. ఇక్కడ నాక్ గ్రేడుల పద్ధతి వదిలి గుర్తింపు ఉందా లేదా అని మాత్రమే చెప్పే పద్ధతికి మారుతోంది. గ్రేడులున్నా, అవి పోయినా ఏలూరు ప్రశ్నకు అందులో గడి లేదు. పాయింట్లు రాని ఫీల్డు నెలలను కోసేసి సెమినార్లు పెంచుకోవడమే తేలికని విశ్వవిద్యాలయాలకు అనిపిస్తే తప్పు ఆ కొలతదే.

రాష్ట్రాల్లో ప్రజారోగ్య కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలూ ఇచ్చింది. ఆ కేడర్‌లో పోస్టులు లేకుండా పట్టాలు పంచడం పిల్లలను మోసగించడమే.

కాలువలు కట్టేసిన వేసవిలో చెరువు నీళ్లే దిక్కయ్యే పల్లెలు, ఆక్వా చెరువుల నీరు కలిసే డ్రెయిన్లు, వరదకు మునిగే లంకలు ఈ డెల్టాలోనే ఉన్నాయి. ఉన్నత విద్యామండలి, ఆరోగ్యశాఖ కలిసి ఒక్క నిబంధన పెట్టాలి: ఆరు నెలలు పీహెచ్‌సీ పరిధిలో తిరిగి, ఒక్క వ్యాధి వ్యాప్తినైనా స్వయంగా దర్యాప్తు చేసి నివేదిక రాయనిదే పట్టా ఇవ్వకూడదు. 600 మంది పడిపోయాక కూడా దానికి ఒప్పుకోని విశ్వవిద్యాలయానికి ఎంపీహెచ్ నడిపే అర్హత లేదు. ఆ సీట్లు రద్దు చేయాలి.