ఆ సాయంత్రం ఎవరు చూశారు?

"హార్స్‌లీ హిల్స్ చూశారా?" అని అడిగితే ఇంటిల్లిపాదీ ఒక్కటే మాట చెబుతారు, "ఓ, చూశాం" అని. ఆ 'చూశాం'లో ఇల్లాలు కూడా ఉంటుంది. ఆవిడ నిజంగా ఏం చూసిందని మాత్రం ఎవరూ అడగరు.

మదనపల్లెకు దగ్గర్లో, సముద్రమట్టానికి 1,265 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండమీద గాలి బండ ఉంది. పేరుకు తగ్గట్టే అక్కడి గాలి మనిషిని నిలవనివ్వదు. పొద్దుగూకే వేళకి జనం అక్కడికి చేరతారు. పెళ్లయిన మూడో ఏడు అత్తగారి వైపు వాళ్లందరితో కలిసి వెళ్లాను. ఈమధ్య మళ్లీ వెళ్లాం. దారిలో మావారు, "ఆ రోజు సూర్యుడు ఎంత ఎర్రగా ఉన్నాడో! లోయంతా కుంకుమ చల్లినట్టుంది" అని పిల్లలకి వర్ణించి చెబుతున్నారు. నాకు గుర్తొచ్చినవి వేరే. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో అయిపోవస్తున్న పాలు, గాలికి తూలుతుందేమోనని పాపని గట్టిగా పట్టుకున్న చెయ్యి, "శాలువా ఏదమ్మా?" అన్న అత్తయ్యగారి గొంతు. సూర్యుడు మాత్రం ఎక్కడా లేడు! బండ ఒక్కటే, సాయంత్రమూ ఒక్కటే. ఆయనకి ఆకాశం మిగిలింది, నాకు సంచీ మిగిలింది.

ఇదేం మతిమరుపు కాదు. కళ్లముందున్నదల్లా మనసులో నిలవదు. ధ్యాస దేనిమీద ఉంటే అదే నిలుస్తుంది. మన ధ్యాసేమో ఎప్పుడూ ఎవరో ఒకరి ఆకలి మీదా, చలి మీదా ఉంటుంది. ఇంట్లో ఉన్నా అంతే కదా! దీపం పెట్టాలి, ఆరిన బట్టలు తియ్యాలి, పిల్లల్ని చదువుకి కూర్చోబెట్టాలి, రాత్రికి కూర చూడాలి. ఉద్యోగం చేసే వాళ్లకైతే చీకటి పడేలోగా ఇల్లు చేరాలన్న కంగారు. పొద్దుగూకడం మగవాళ్లకి చూడముచ్చట, మనకి పని గంట.

ఆ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల అక్కడి వాళ్ల రోగాలకి మందిచ్చేదనీ, ఓనాడు కనబడకుండా పోతే జనం గుడి కట్టి కొలిచారనీ కథ చెబుతారు. తరవాత కడప కలెక్టరు హార్స్‌లీ దొర వచ్చి చల్లగా ఉందని అక్కడ బంగళా కట్టుకున్నాడు. పేరు ఆయనదైపోయింది. సేవ చేసిన పిల్ల కథలోకి జరిగింది, సేదతీరిన దొర బోర్డులకెక్కాడు!

"ఇప్పుడు సెల్‌ఫోన్లున్నాయిగా, ఫొటో తీసుకుంటే సరి" అంటారు కొందరు. ఫొటోలో దృశ్యం ఉంటుంది, నిజమే. ఆ గాలికి మనకేమనిపించిందో అందులో ఉండదు. అది మనం అనుభవిస్తేనే మిగులుతుంది.

ఈసారి సంచీ పిల్లలకిచ్చి, "అరగంట నన్నేమీ అడక్కండి" అని కూర్చున్నాను. కింద ఊళ్లు మసకబారాక కూడా చెరువులు ఇంకాసేపు మెరిశాయి. ఆ సంగతి నాకిన్నాళ్లూ తెలీదు. మావాళ్లు ఎవరి మంచినీళ్లు వాళ్లే తాగారు. కొంపేం మునగలేదు.

అందుకే చెబుతున్నా. ఈసారి ఎక్కడికి వెళ్లినా సంచీ వంతులవారీగా మొయ్యమనండి. వెళ్లడానికి వీల్లేకపోతే డాబా ఉంది. వారానికో సాయంత్రం అరగంట కూర చల్లారితే చల్లారనీండి. రేపు పిల్లలకి చెప్పుకోడానికి మనకీ ఓ ఆకాశం ఉండాలి కదా! ఏమంటారు?