వెండి నాణెం విషాన్ని పట్టిస్తుందా?

వానలు పడగానే ఉయ్యాలవాడ పరిసరాల్లోని పొలం గట్లపైనా, పుట్టల చుట్టూ గొడుగులు విచ్చుకుంటాయి. వాటితోపాటే ఒక ప్రమాదకరమైన నమ్మకమూ మొలకెత్తుతుంది: కూరలో వెండి నాణెం వేసినప్పుడు నల్లబడకుంటే నిర్భయంగా తినవచ్చునని. వైద్యునిగా ఈ నమ్మకాన్ని ఖండించక తప్పదు.

వెండిని నల్లబరచేవి గంధక సమ్మేళనాలు. ఉడికిన కోడిగుడ్డు తగిలినా వెండి నల్లబడుతుంది. అంతమాత్రాన గుడ్డు విషమా? పురుగులు తిన్నది మనకూ పనికివస్తుందన్న వాదమూ నిరాధారమే. మనిషి ప్రాణం తీసే అమానిటా ఫల్లాయిడిస్‌ను నత్తలు సుఖంగా తింటాయి. అందులోని అమటాక్సిన్ ఎంత మరిగించినా నశించదు.

"మన పెద్దలు తినలేదా?" అని కొందరి ప్రశ్న. తిన్నారు. కానీ వారిని కాపాడినది నాణెం కాదు, పుట్టగొడుగును కుక్కగొడుగు నుండి వేరుచేసే చూపు. అసలైన పుట్టగొడుగు కాడ వేరువలె నేలలోకి సాగి చెదల గూటిని చేరుతుంది. గొడుగు నడుమ మొనదేలి ఉంటుంది. పచ్చికలో మొలిచే దాని దూరపు బంధువు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్‌కు ఆ వేరు ఉండదు; గొడుగుపై గోధుమవన్నె పొలుసులు, కాడకు ఉంగరం ఉంటాయి. ముదిరితే అడుగు రేకులు పచ్చబారుతాయి. లేతగా ఉన్నప్పుడు మాత్రం తెల్లగానే ఉండి మోసగిస్తాయి. తింటే సాధారణంగా 1 నుండి 3 గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి.

ఐరోపాలోనూ ఇదే కథ. అక్కడి బొలీట్ గొడుగులకు అడుగున రేకులకు బదులు సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో బొలీటస్ ఎడ్యులిస్ అంగళ్లలో అమ్ముడవుతుంది; దాని బంధువు, సైతాను పేరు మోస్తున్న రూబ్రోబొలీటస్ సటానస్, కడుపును అతలాకుతలం చేస్తుంది. కోస్తే నీలిరంగుకు మారేదే విషమని అక్కడొక సూత్రం. అదీ తప్పే, నీలిబారేవాటిలో వండుకొని తినదగినవీ ఉన్నాయి. విషానికి అన్ని జాతులకూ వర్తించే గుర్తు ఒక్కటీ లేదు. ప్రతి జాతినీ విడివిడిగా ఎరిగి ఉండవలసిందే.

కనుక నిశ్చయంగా గుర్తించలేని గొడుగును తినకండి, పిల్లలకు పెట్టకండి. తిన్న తరువాత బాధ మొదలైతే మిగిలిన గొడుగును వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. 6 గంటలు దాటాక మొదలయ్యే వాంతులు మరింత ప్రమాద సూచకం. మరునాడు నెమ్మదించినట్లనిపించినా నమ్మకండి; ఆ నెమ్మది చాటున కాలేయం దెబ్బతింటూ ఉండవచ్చు. నాణెం తెల్లగా ఉందన్న ధైర్యంతో ఆ గడియలను పోగొట్టుకోకండి.