పిలిచారు సరే, ఏం చెప్పారు?

ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నీ ఒకే రోజున తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టడం 2024 డిసెంబరు 7న మొదలైంది. 2025 జులై 10న రెండోసారి, అదే ఏడాది డిసెంబరు 5న మూడోసారి ఈ మెగా పీటీఎం (తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశం) జరిగింది. మూడో సమావేశానికి ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి మన భామినికే వచ్చారు. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ మండలం ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. బిడ్డను గేటు దగ్గర దింపి వెనుదిరిగే తల్లిని లోపలికి రమ్మని, కుర్చీ వేసి, పిల్లలతో కలిపి భోజనం పెట్టడం చిన్న సంగతి కాదు. ముగ్గుల పోటీలు, తాడులాగే పోటీలు ఎందుకని కొందరు విమర్శించారు. నేను వాటినీ తప్పుపట్టను. బడి గుమ్మం తొక్కడానికి జంకే మనిషికి ఆ జంకు తీరాలంటే అలాంటివి కూడా ఉండాలి. కానీ సాయంత్రం ఇల్లు చేరేటప్పుడు ఆ తల్లికి తన బిడ్డ చదువు గురించి పొద్దున తెలియనిది ఏం తెలిసింది? రేపటి నుంచి ఇంట్లో తాను చేయగల పని ఏమిటో ఎవరైనా చెప్పారా? తల్లిదండ్రుల భాగస్వామ్యాన్ని హాజరు లెక్కలతోనూ ఫొటోలతోనూ కాక ఈ రెండు ప్రశ్నలతో కొలవాలి. మన ఉత్తరాంధ్రలో మరీను.

ఎందుకంటే 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు మిగిలిన అప్పటి 13 జిల్లాల్లో అదే అట్టడుగు. శ్రీకాకుళంలో 61.74 శాతం. ఆడవాళ్లను విడిగా చూస్తే రెండు జిల్లాల్లోనూ దాదాపు సగం మందికి చదవడం రాదు. ఆ లెక్కలు పాతబడ్డాయి, ఇప్పటి చిన్నపిల్లల తల్లుల్లో చదువుకున్నవారు పెరిగారు, నిజమే. అయినా ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉండే నేటి పాఠ్యపుస్తకం పట్టుకుని హోంవర్కు చేయించగలవాళ్లు ఎందరు? చేయించగలిగినా తీరిక ఏది? పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పనికి వెళ్లే తల్లి రోజంతా అక్కడే ఉంటుంది. భవన నిర్మాణ పనుల కోసం విజయవాడకో హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిన జంట పండక్కి గానీ ఊరు రాదు. తీరం వెంబడి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వేటకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండిపోతారు. 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో గానీ ఇళ్లకు చేరని మన మత్స్యకారులు అలా వెళ్లినవాళ్లే. ఇలాంటి ఇళ్లలో పిల్లవాడు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతాడు. సమావేశానికి వచ్చేదీ ఆమే. “మా గుంటడు ఎలా సదువుతున్నాడు బాబూ” అని ఆమె అడిగితే “పర్లేదమ్మా, బాగానే చదువుతున్నాడు” అన్న జవాబు ఎటూ ఉపయోగపడదు.

వీళ్లకు చదువు మీద పట్టింపు లేదని, ప్రభుత్వం ఇచ్చే నగదు పథకం కోసమే పిల్లలను బడికి పంపుతున్నారని అనేవాళ్లున్నారు. ఈ మాటకు ఆధారం లేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3 వేల మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చింది. ఎంచుకున్న జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పిల్లలు పెద్ద చదువులు చదవాలన్న కోరిక పేద ఇళ్లలోనూ, చదువురాని తల్లిదండ్రుల్లోనూ బలంగా ఉందని ఆ అధ్యయనం చూపింది. 2022లో మూడు నుంచి ఐదో తరగతి వరకు పిల్లలను హైస్కూళ్లలో కలిపేస్తామన్నప్పుడు రాష్ట్రమంతటా బడుల ముందు బైఠాయించిందీ ఈ తల్లిదండ్రులే. పట్టింపు లేనివాళ్లు పని మానుకుని రోడ్డు మీద కూర్చోరు. బడి దూరమవుతుందన్న సంగతి కళ్లకు కనబడింది కాబట్టి కదిలారు. మూడో తరగతి పిల్లవాడికి రెండు వాక్యాలు కూడబలుక్కుని చదవడం రాలేదన్న సంగతి అలా కనబడదు. ఎవరో ఒకరు చూపించాలి.

చూపిస్తే చాలా? చాలదు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మరికొందరితో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో చేసి 2010లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అక్కడ గ్రామ విద్యా కమిటీ సభ్యుల్లో సుమారు నాలుగో వంతు మందికి తాము సభ్యులమన్న సంగతే తెలియదు. పరిశోధకులు కొన్ని ఊళ్లలో సభలు పెట్టి కమిటీ హక్కులు వివరించారు. మరికొన్నిచోట్ల పిల్లలకు చదవడం వచ్చో రాదో ఊరివాళ్లే పరీక్షించి చూసుకునేలా చేశారు. ఈ రెండింటితో ప్రభుత్వ బడిలో ఏ మార్పూ రాలేదు. మూడో రకం ఊళ్లలో వీటికి తోడు చదవడం నేర్పే తేలిక పద్ధతిలో స్థానిక యువతకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు నడిపిన తరగతులకు వెళ్లిన పిల్లల చదువు స్పష్టంగా మెరుగుపడింది. అంటే నిజం చెప్పాలి, వెంటనే చేతికో పని ఇవ్వాలి. బీహార్, రాజస్థాన్‌లలో తల్లులకు అక్షరాలు నేర్పి, ఇళ్లకు వెళ్లి తల్లీబిడ్డా కలిసి చేసే చిన్న చిన్న పనులు చూపించిన మరో ప్రయోగంలో పిల్లల లెక్కలు కొంత మెరుగయ్యాయి. మెరుగుదల స్వల్పమే. కానీ అక్షరం రాని తల్లి బిడ్డ చదువుకు ఏమీ చేయలేదన్న వాదన నిలవదని చెప్పడానికి అది చాలు.

బడిలో జరగాల్సింది ఇదీ. పరీక్షల మార్కులతో నిండిన ప్రోగ్రెస్ కార్డు చేతిలో పెట్టి సంతకమో వేలిముద్రో వేయించుకునే బదులు, మాస్టారు పిల్లవాడిని అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టి నాలుగు వాక్యాలు చదివించాలి. తడబడితే ఎక్కడ తడబడుతున్నాడో ఆమెకు వినబడుతుంది, దానికి ఆమెకు చదువు రానక్కర్లేదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక పేజీ బయటికి చదివించుకుని వినమని, బడిలో ఏం చెప్పారో అడగమని, వరికోతలప్పుడు బడి మాన్పించవద్దని చెప్పాలి. ఈ మూడూ ఆమె చేయగలిగినవే. వలస వెళ్లిన తండ్రికి ఫోను చేసి అవే మాటలు చెప్పొచ్చు, బిడ్డ చదువుతుండగా వినిపించొచ్చు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు, తర్వాత ఆ భాషలో వాచకాలు రాశారు. ఇంటివాళ్లకు అర్థమయ్యేలా మాట్లాడే బాధ్యత బడిదేనని ఆయన ఆనాడే గ్రహించారు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. నేర్పాల్సింది బడి, జీతం తీసుకునేది ఉపాధ్యాయుడు, పిల్లవాడికి చదువు రాకపోతే ఆ భారం కూలికి పోయే తల్లి మీద వేయడం అన్యాయం అంటారు. ఈ మాటలో చాలా నిజముంది. భాగస్వామ్యం పేరుతో వైఫల్యాన్ని ఇంటి మీదకు నెట్టే ప్రయత్నం ఎవరు చేసినా ఎదిరించాల్సిందే. అయితే నేను కోరుతున్నది అందుకు పూర్తిగా వేరు. తల్లి ముందు పిల్లవాడిచేత చదివించిన క్షణాన మొదట జవాబుదారీ అయ్యేది బడే. మూడేళ్లుగా మీ దగ్గరకే పంపుతున్నానే, ఇంకా ఎందుకు రాలేదని అడిగే హక్కు ఆమెకు అప్పుడే చేతికొస్తుంది. ఇక యాప్‌ల నమోదులతో, ఇతర విధులతో ఇప్పటికే సతమతమవుతున్న ఉపాధ్యాయులకు మరో పనా అంటే, వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. కాబట్టి కొన్ని నమోదులు తగ్గించి ఆ సమయాన్ని దీనికి ఇవ్వాలి. ముప్పై మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలో నెలకు ఒక సాయంత్రం కూలి పనులు ముగిశాక కూర్చుంటే ఈ పని అవుతుంది. పట్టపగలు పెట్టే సమావేశానికి రావాలంటే ఆమెకు ఒక రోజు కూలి పోతుంది.

చట్టాలకు కొదవ లేదు. విద్యా కమిటీల కోసం ఉమ్మడి రాష్ట్రం 1998లోనే చట్టం చేసింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాల్సిందీ వాళ్లే. నాడు-నేడు పథకం కింద బడుల మరమ్మతు పనులు జరిగినప్పుడు మన ఊళ్ల కమిటీలు సిమెంటు బస్తాలు, టైల్స్, ఫ్యాన్ల లెక్కలు చూశాయి. ఆ మనుషులే ఇప్పుడు మరో లెక్క కూడా అడగొచ్చు: మన బడిలో మూడో తరగతి పిల్లలు ఎందరు, వాళ్లలో తడుముకోకుండా ఒక పేరా చదవగలిగేవాళ్లు ఎందరు? తర్వాతి మెగా పీటీఎంలో ఈ రెండు అంకెలను ప్రతి బడి గోడ మీద తెలుగులో రాయించాలని, రాని పిల్లల కోసం బడి ఏం చేయబోతోందో, ఇంటివాళ్లు ఏం చేయాలో అక్కడే చదివి వినిపించాలని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యాశాఖాధికారులు ఆదేశాలివ్వాలి. దానికి కొత్త నిధులు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.