పోయిన సొత్తుకు పద్దు ఏది?

విద్యాధనాన్ని దొంగలు ఎత్తుకుపోలేరని పిల్లలకు చెప్పడం మా వృత్తి. తక్కినవన్నీ ఎత్తుకుపోగలరని ఆ మాటలోనే ఉంది! బంగారం పోతుంది, నగదు పోతుంది. ఈ రోజుల్లో కంటికి కనిపించని క్రిప్టో నాణేలు కూడా పోతున్నాయి. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు క్రిప్టో సంస్థ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు మాయమైంది. సొమ్ము పోయినవాడికి ముందు దుఃఖం, తరువాత ఒక సందేహం కలుగుతాయి. లాభం వస్తే ఆదాయపు పన్నువారు వాటా పుచ్చుకుంటారు గదా, దొంగల పాలైతే ఆ నష్టంలోనూ పాలు పంచుకుంటారా?

వర్తకుడికైతే తరచుగా అవును, గృహస్థుకైతే కాదు.

1958లో సుప్రీంకోర్టు బద్రీదాస్ డాగా కేసులో తీర్పు చెప్పింది. ఆయనది వడ్డీ వ్యాపారం. బొంబాయి ఏజెంటు యజమాని డబ్బును బాంకునుంచి తీసి, తన సట్టా అప్పులకు కట్టేసుకున్నాడు. రెండు లక్షల పైచిలుకు రూపాయలు తిరిగి రాలేదు. ఏజెంటు లేనిదే ఆ వ్యాపారం సాగదు గనుక అతడు చేసిన మోసం వ్యాపార నష్టమే, లాభంలోంచి తగ్గించుకోవచ్చునన్నారు. అయితే అదే తీర్పులో ఒక గీత కూడా గీశారు. రాత్రివేళ దొంగ కన్నం వేసి దోచుకుపోతే అది ఆస్తి ఉన్న ప్రతివాడికీ ఉండే ముప్పేగాని, వ్యాపారం నడపడంవల్ల వచ్చింది కాదన్నారు.

1951లో నైనిటాల్ బాంకు రాంనగర్ శాఖలో బందిపోట్లు 1,06,000 రూపాయలు దోచుకున్నారు. నగదు దగ్గర ఉంచుకోవడమే బాంకు పని గనుక ఆ నష్టాన్నీ ఒప్పుకున్నారు. అన్నిటికన్నా వింత ఇంకొకటి. 1958లో సరిహద్దులో పట్టుబడిన ఒక దొంగరవాణాదారు వద్ద 65,500 రూపాయలు జప్తు చేశారు. ఆ నష్టం కూడా అతని వ్యాపారంలోదేనని 1980లో సుప్రీంకోర్టు అన్నది! 2023లో మరొక జప్తు కేసులో మాత్రం అదే కోర్టు అటువంటి మినహాయింపును నిరాకరించింది.

ఇక మన సంగతి. కష్టపడి కూడబెట్టి కొన్న బంగారం అమ్మితే లాభంమీద పన్ను ఉంది. దొంగ పట్టుకుపోతే మాత్రం నష్టం లేదు! మూలధనంలో లాభమైనా నష్టమైనా లెక్కకు రావాలంటే ఆస్తి "బదిలీ" కావాలి. దొంగతనం బదిలీ కాదు. చట్టం దృష్టిలో ఆ నగకు ఇప్పటికీ మీరే యజమానులు. ఆ గౌరవం మీకు దక్కుతుంది, నగ దొంగకు దక్కుతుంది. క్రిప్టో సంగతి మరీ అన్యాయం. 2022 ఏప్రిల్ నుంచి లాభంమీద 30 శాతం పన్ను వేశారు; అమ్మి నష్టపోయినా ఆ నష్టాన్ని ఏ ఆదాయంలోనూ తగ్గించుకోనివ్వరు.

ప్రభుత్వం పక్షానా ఒక మాట ఉంది. ఇంట్లో పోయిందన్న ప్రతి నగకూ మినహాయింపు ఇస్తే, మార్చి నెలలో దేశమంతటా దొంగలు పడతారు! అయితే దారి లేకపోలేదు. అమెరికాలో మేడాఫ్ మోసం బయటపడ్డాక, 2009లో అక్కడి పన్నుశాఖ అటువంటి మోసాల్లో మదుపు పోగొట్టుకున్నవారికి ఒక సులువు పద్ధతి పెట్టింది. ఇతరులమీద దావాలు వేసి రాబట్టే ఉద్దేశం లేనివారు 95 శాతమూ, ఉన్నవారు 75 శాతమూ నష్టంగా చూపుకోవచ్చు. అప్పటికే చేతికి వచ్చిన సొమ్మును అందులోంచి తీసివేయాలి. నేరం రుజువుకు నేరారోపణ పత్రంవంటి ఆధారం ఉండాలన్నారు.

మనకూ కొన్న రసీదు, పోలీసు ఫిర్యాదు, ఆచూకీ దొరకలేదన్న పోలీసుల నివేదిక, ఈ మూడూ ఉన్నవారికి అటువంటి వెసులుబాటు ఇస్తే ఖజానా ఖాళీ అయిపోదు. లాభంలో భాగస్వామి అయిన ప్రభుత్వం నష్టంలో పొరుగువాడుగానైనా పలకరించాలి గదా! అంతవరకూ రసీదులు భద్రం. వాటిని మాత్రం నగలపెట్టెలో పెట్టకండి.