అమ్మ కళ్ళల్లో నీళ్ళు ఎందుకు?



ఈ నెల కబుర్లు ఒక పొడుపుకథతో మొదలు పెడదాం. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. అయినా అమ్మ కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు కారుతున్నాయి. ఎందుకని?

“ఉల్లిపాయలు తరుగుతున్నది!” అంటారు పట్నం పిల్లలు. జనగామ దగ్గరో, మహబూబాబాదు దగ్గరో, భూపాలపల్లి అడవుల అంచునో ఉన్న పల్లె పిల్లలను అడగండి. “పొయ్యి ఊదుతున్నది!” అని ఠక్కున చెబుతారు. రెండు జవాబులూ సరైనవే. కాని ఉల్లిపాయ తెచ్చిన కన్నీళ్ళు కాసేపట్లో ఆరిపోతాయి. పొయ్యి తెచ్చే బాధ అంత తొందరగా పోయేది కాదు.

ఈ మూడు ఊళ్ళూ ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోవే. 2016లో వేటికవి జిల్లా కేంద్రాలైనాయి. భూపాలపల్లి వైపు అడవి ఉన్నది గనుక కట్టెలు దొరుకుతాయి. జనగామ వైపు మెట్టచేలు ఎక్కువ. పత్తి ఏరిన తరువాత చేలో మిగిలే పత్తికట్టె, కందికట్టె, తుమ్మకంప, పిడకలు కూడా పొయ్యిలోకి పోతాయి. సన్నని పుల్ల గబగబా కాలిపోతుంది. అస్తమానం ఎగదోస్తూ ఉండాలి. అందుకే అమ్మకు పొయ్యి వదిలి లేవడానికి వీలుండదు.

ఇంతకూ పొగ అంటే ఏమిటి? నిప్పు లేనిదే పొగ రాదని సామెత. సైన్సు ఇంకో మాట కూడా చెబుతుంది: మంట చాలకపోతే పొగ పెరుగుతుంది. కట్టె వేడెక్కగానే దానిలోనుంచి రకరకాల ఆవిరులు బయటికి వస్తాయి. వాటికి చాలినంత వేడీ, చాలినంత గాలీ దొరికితే అవి చక్కగా మండి, బొగ్గుపులుసు వాయువుగానూ నీటి ఆవిరిగానూ మారిపోతాయి. కట్టె పచ్చిదైతే, వేడిలో చాలా భాగం దానిలోని తేమను ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పొయ్యి నిండా కట్టెలు కుక్కితే గాలి ఆడదు. అప్పుడు సగం కాలిన సరుకు పొగ అయి లేస్తుంది. పొగ అంటే పూర్తిగా కాలకుండా పారిపోయిన కట్టె అన్నమాట!

పెద్దవాళ్ళను దగ్గర ఉంచుకొని ఒక చిన్న ప్రయోగం చేయండి. కొవ్వొత్తి మంటలో చల్లని స్టీలు చెంచాను క్షణంసేపు ఉంచి తీయండి. అడుగున నల్లగా మసి పడుతుంది. చల్లని చెంచా తగిలేసరికి మంట పూర్తిగా కాలలేకపోయింది. ఆ మిగిలిన సరుకే చెంచాకు అంటుకున్నది.

పొయ్యి మసి కూడా ఇటువంటిదే. అందులో కంటికి కనిపించేది కొంచెమే. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేని నలుసులు కోట్ల కొద్దీ ఉంటాయి. మామూలు దుమ్మును ముక్కులోని వెంట్రుకలూ, గొంతులోని జిగురూ పట్టి ఆపుతాయి. ఈ నలుసులు వాటికి చిక్కవు. తిన్నగా ఊపిరితిత్తుల చివరనున్న గాలిబుడగల దాకా పోతాయి. వాటితోపాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కూడా పోయి, రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది.

ఏళ్ళ తరబడి ఇలా జరిగితే ఎడతెగని దగ్గు, ఆయాసం, గుండెజబ్బు, కంట్లో శుక్లం రావచ్చు. అమ్మ ఒళ్ళోని చంటిపాపకు నిమోనియా పట్టుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇంటి పొగ మూలంగా లోకంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారు. వారిలో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళు నిండని పసివాళ్ళు. ఇంటి చూరుకు పట్టిన మసిని చీపురుతో దులపవచ్చు. ఊపిరితిత్తులను దులిపే చీపురు ఎక్కడా దొరకదు.

మన దగ్గర ఈ పొగను కొలిచి చూసినవారు ఉన్నారు. వరంగల్లు, నిజామాబాదు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగు వందల ఇళ్ళకు పైగా తిరిగి, గాలిలోని నలుసులను తూచి, ఆ లెక్కలు 2004లో ప్రకటించారు. గ్యాసుతో వండే ఇళ్ళలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల నలుసులుంటే, కట్టెలు, పిడకలు వాడే ఇళ్ళలో 732 దాకా ఉన్నాయి. అంటే పది రెట్లు! అందరికన్నా ఎక్కువ పొగ పీల్చేది వంట చేసే ఆడవాళ్ళే. మగవాళ్ళలో ఎవరో తెలుసా? ఎక్కువసేపు ఇంటిపట్టున ఉండే ముసలి తాతలు!

దీనికి ఉపాయం లేదా? ఉన్నది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కరెంటు తయారుచేసే పెద్ద కర్మాగారం ఉన్నది. దాని పొగగొట్టం ఎంతో ఎత్తున ఉండి, పొగను పైకి తీసుకుపోతుంది. మరి అమ్మ పొయ్యికి గొట్టం ఎందుకు ఉండకూడదు? ఈ ఆలోచన చేసినవారు హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయానికి చెందిన ఎస్. పి. రాజు గారు. ఒకే మంటతో వరుసగా కుండలు వేడెక్కి, పొగ మాత్రం గొట్టంలోనుంచి ఇల్లు దాటిపోయే మట్టిపొయ్యిని ఆయన తయారుచేశారు. దాన్ని గురించి 1953లో పుస్తకం కూడా వ్రాశారు. అయితే ఆ గొట్టానికి సేవ చేయాలి. మసి పేరుకుంటే దులపాలి, మట్టి పగిలితే మెత్తాలి. లేకపోతే పొగ మళ్ళీ ఇంట్లోకే తిరిగి వస్తుంది.

తరువాత గ్యాసు పొయ్యిలు వచ్చాయి. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం పేద ఇళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. కాని బండ అయిపోయినప్పుడు మళ్ళీ నింపించాలంటే డబ్బు కావాలి. చేలో పుల్లలు ఊరికే వస్తాయి. అందుకే చాయకు గ్యాసు, స్నానాల నీళ్ళకూ అన్నానికీ కట్టెల పొయ్యి అన్నట్టు చాలా ఇళ్ళలో రెండూ నడుస్తుంటాయి. ఇది అమ్మ తెలివితక్కువతనం కాదు, ఇంటి లెక్క.

ఆ లెక్కలో మీరు సాయం చేయవచ్చు. వానలు రాకముందే కట్టెలను ఎండబెట్టి కప్పు కింద పెట్టండి. పొయ్యి వెలిగించగానే తలుపులూ కిటికీలూ తెరవండి. చెల్లాయిని, తమ్ముణ్ణి పొయ్యికి దూరంగా ఆడించండి. గ్యాసు ఉంటే పప్పు ముందుగా నానబెట్టమని, గిన్నె మీద మూత పెట్టమని గుర్తుచేయండి; బండ ఎక్కువ రోజులు వస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడూ పెట్టనివ్వకండి. అమ్మ దగ్గు తగ్గకపోతే, “పొగ కదా, మామూలే” అని ఊరుకోకుండా డాక్టరు దగ్గరకు తీసుకుపొమ్మని నాన్నను పోరుపెట్టండి.

ఈ పనులు ఆడపిల్లలకు మాత్రమే అనుకునేరు! అన్నం అందరూ తింటున్నారు గదా. మరి పొగ అమ్మ ఒక్కతే తినడం ఏం న్యాయం?